పది వేళ్ల హాజరు

"చేతులు చూపించండి" అంది మేస్త్రమ్మ, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

డిటెక్టివ్ జేబులోంచి గుర్తింపు కార్డు తీసి చూపించాడు. ఆ కార్డు చూసి తలుపులు తీసినవాళ్లున్నారు, పెరటి గోడ దూకి పారిపోయినవాళ్లున్నారు. మేస్త్రమ్మ దానివంక కన్నెత్తి కూడా చూడలేదు.

"కార్డు కాదు బాబూ, వేళ్లు. రెండు చేతులూ ఎత్తి విప్పండి."

విప్పాడు. ఆవిడ పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంది. "పది. రండి లోపలికి. వెళ్లేటప్పుడు మళ్లీ చూపించాలి. ఎన్ని తెచ్చారో అన్నీ పట్టుకెళ్లాలి."

ఆ ఉమ్మడి వడ్రంగి షాపులో హాజరంటే అదే. సొంతంగా మెషిన్లు కొనుక్కోలేనివాళ్లూ, కొన్నా ఆ మోతకి ఇంట్లోవాళ్లు ఊరుకోనివాళ్లూ కలిసి పెట్టుకున్న షాపు అది. పళ్ల డాక్టరు అక్కడ చెక్క బొమ్మలు చేసుకుంటాడు, లెక్కల టీచరు కుర్చీలు చేసుకుంటుంది. ఎవరైనా సరే వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ గుమ్మంలో పది వేళ్లూ ఎత్తాల్సిందే. షాపు తెరిచిన నాటి నుంచీ ఒక్కరు కూడా తొమ్మిదితో ఇంటికి పోలేదని మేస్త్రమ్మకి మహా గర్వం. అలాంటి మనిషిని హత్యాయత్నం కేసులో సాయంత్రంలోగా స్టేషన్‌కి తీసుకుపోతామని పోలీసులు చెప్పేశారు. షాపుకి సీలు వేయడానికి లక్క కూడా వెంట తెచ్చుకున్నారు. అందుకే షాపువాళ్లు డిటెక్టివ్‌కి కబురు పెట్టారు.

"నేనేం చేయలేదు బాబూ" అందావిడ. ఇందాకటి గద్దింపు ఎటు పోయిందో పోయింది. "ఆ మెషిన్ని కన్నబిడ్డలా చూసుకుంటాను. అది ఇంకొకళ్ల మీద పడేలా నేనెందుకు చేస్తాను?"

"ఎవరి మీద పడింది?"

"మా సంఘం ప్రెసిడెంటు గారి మీద."

"దెబ్బ గట్టిగా తగిలిందా?"

మేస్త్రమ్మ ఇబ్బందిగా పక్కకి చూసింది. "ఒంటికేం కాలేదు. మీరే చూస్తారుగా. చూసినా చూడనట్టుండండి, ఆయన చాలా బాధలో ఉన్నారు."

ముందుగదిలో కాలు మీద కాలు వేసుకుని ఇన్‌స్పెక్టర్ కూర్చున్నాడు. డిటెక్టివ్‌ని చూడగానే లేచి, లేని భక్తి తెచ్చిపెట్టుకుని చేతులు జోడించాడు.

"అన్నగారు వేంచేశారా!"

ఇంతమంది ఇన్‌స్పెక్టర్లుండగా ఈ కేసుకి వీడే రావాలా అనుకున్నాడు డిటెక్టివ్. ఇద్దరూ తోడల్లుళ్లు. డిటెక్టివ్ పెద్ద కూతుర్ని చేసుకున్నాడు, ఇన్‌స్పెక్టర్ చిన్న కూతుర్ని. అత్తగారింట్లో ఎవరికి పెద్ద గ్లాసు వచ్చింది, ఎవరి దిండు మెత్తగా ఉంది అని ఆనాటి నుంచీ ఒకరినొకరు ఓరకంట కనిపెట్టుకుంటూనే ఉన్నారు. పోయిన నెల ఆ వ్యవహారం టేపు దాకా వచ్చింది. అత్తగారి హాల్లో కూతుళ్లిద్దరి పెళ్లి ఫోటోలూ పక్కపక్కన ఉంటాయి. చిన్నల్లుడు టేపు తెప్పించి, కుర్చీ ఎక్కి, రెండు ఫ్రేములూ కొలిచి, తనది వేలెడు తక్కువని తేల్చి, భోజనం ముట్టకుండా వెళ్లిపోయాడు. పెద్దల్లుడు ఆ రోజు రెండు పూటల భోజనం ఒక్క పూటలో చేశాడు.

"హాజరిచ్చావా తమ్ముడూ?" అన్నాడు డిటెక్టివ్.

"పోలీసులు వేళ్లు చూపించరు. అడిగినవాళ్లకి లాఠీ చూపిస్తారు. కేసు అయిపోయింది అన్నగారూ, మంచినీళ్లు తాగి బయల్దేరండి."

"అయిపోయిన కేసు ఎలా ఉంటుందో చూసి పోదామని వచ్చాను. చెప్పు."

ఇన్‌స్పెక్టర్ చెప్పడం మొదలుపెట్టాడు. పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు, ప్రెసిడెంటు తన దగ్గరున్న తాళంచెవితో షాపు తెరిచాడు. మెషిన్ గదిలోంచి తన మానాన తను నడిచి వెళ్తున్నాడు. ఉన్నట్టుండి, చెక్కల అంచులు చెక్కే రూటర్ టేబుల్ దానంతటదే తిరిగింది. దాని మీదున్న చెక్క పట్టీ బాణంలా లేచి ఆయన తల మీదుగా దూసుకుపోయి గోడలో దిగబడింది. ఆయన స్పృహ తప్పి పడిపోయాడు. మెషిన్ మీద ఫెన్స్ అనే భాగం ఉండాల్సిన చోట లేదు, వెనక్కి జరిపి ఉంది. మెషిన్లకి మరమ్మతులు చేసేది మేస్త్రమ్మ ఒక్కతే. పైగా నిన్న అందరి ముందూ ఆవిడ ప్రెసిడెంటుని బెదిరించింది.

"ఏమని?"

"'ఇంకోసారి చేతి తొడుగులు వేసుకుని మెషిన్ దగ్గరికొస్తే మీ సంగతి తేలుస్తాను' అని."

"తొడుగు అంచు తిరిగే బిట్ పళ్లకి చిక్కితే చెయ్యి కూడా దాంతో పాటే పోతుంది" అంది మేస్త్రమ్మ గుమ్మంలోంచి. "ఆయన చెయ్యి పోకూడదనే అరిచాను."

"విన్నారుగా, అరిచానని ఒప్పుకుంది" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్ చూపు ఇన్‌స్పెక్టర్ టోపీ మీద ఆగిపోయింది. టోపీ గోడకి తగిలించి ఉంది.

"తమ్ముడూ, నీ టోపీ దేనికి తగిలించావు?"

"కొయ్యకి."

"నడుమెత్తున కొయ్య ఎవరు కొడతారు?"

ముందుగదికీ మెషిన్ గదికీ మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడ. డిటెక్టివ్ వెళ్లి టోపీ ఎత్తాడు. దాని కింద, ప్లైవుడ్‌ని చీల్చుకుని ఇవతలికి వచ్చిన చెక్క పట్టీ మొన కనిపించింది. తలుపు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్ పైకప్పుని పరీక్షగా చూడసాగాడు.

"హత్యాయుధానికి టోపీ తగిలించిన పోలీసుని నిన్నే చూశాను" అన్నాడు డిటెక్టివ్, టోపీ అతని చేతికిస్తూ.

ఇన్‌స్పెక్టర్ మొహం కందగడ్డ అయింది. ఏదో అనబోయేంతలో గుమ్మంలోంచి మెత్తని గొంతు వినిపించింది.

"ఇద్దరూ ఇక్కడే ఉన్నారా? మంచిదైంది, ఎండన పడి రెండు చోట్లకి తిరిగే పని తప్పింది."

అత్తగారు. చేతుల్లో రెండు క్యారేజీలు. రెండూ ఒకే ఎత్తు, ఒకే రంగు, ఒకేలా పురికొసతో కట్టినవి. ఫ్రేముల గొడవ అయ్యాక ఆవిడ ఏది చేసినా జంటగానే చేస్తోంది. అల్లుళ్లిద్దరూ చప్పున నిటారుగా నిలబడ్డారు.

"మీరెందుకు శ్రమపడ్డారు అత్తయ్యగారూ" అన్నారు ఒకేసారి. ఎవరు ముందన్నారా అని వెంటనే ఒకరినొకరు చూసుకున్నారు.

ఆవిడ క్యారేజీలు బల్ల మీద పెట్టి, మెషిన్ గది తలుపు వంక చూసింది. "ఆ గది ఎప్పుడు తెరుస్తారు నాయనా?"

"తెరవడం లేదండీ, సాయంత్రం సీలు వేసేస్తున్నాం" అన్నాడు ఇన్‌స్పెక్టర్ గర్వంగా.

"మరి లోపలున్న చెక్కలవీ?"

"అన్నీ సాక్ష్యాలే. కోర్టుకి పోతాయి."

అత్తగారి మొహం చిన్నబోయింది. "అన్నీనా?" అని, ఓ కుర్చీ లాక్కుని కూర్చుంది. "సరే, మీ పని కానివ్వండి. భోజనాలయ్యాక గిన్నెలు పట్టుకెళ్తాను."

డిటెక్టివ్ ఆవిడకి నమస్కారం పెట్టి మెషిన్ గదిలోకి నడిచాడు. ఆ కుర్చీ దగ్గర మరో నిమిషం ఆగి ఉంటే అక్కడే కేసు తేలిపోయేది. కానీ అత్తగారిని ప్రశ్నించే అల్లుడు ఇంకా పుట్టలేదు.

గది మధ్యలో నడుమెత్తు బల్ల. ఇంట్లో ఇంటర్నెట్ ఇచ్చే డబ్బా కాదు ఈ రూటర్. బల్ల కింద తలకిందులుగా బిగించిన మోటారు. బల్ల నడుమ ఉన్న రంధ్రంలోంచి ఉక్కు పళ్లున్న బిట్ పైకి తొంగిచూస్తూ ఉంది. బిట్‌కి వెనకగా, బల్లకి అడ్డంగా నిలబెట్టిన నున్నటి పొడుగాటి చెక్కే ఫెన్స్. బల్ల ముందు నిలబడితే ప్లైవుడ్ గోడ ఎడమచేతి వైపు. ఆ గోడలోనే ఇప్పుడు అతను దాటి వచ్చిన తలుపూ, దాని పక్కనే గోడలో దిగబడిన పట్టీ.

ఆ పట్టీకి నల్లగా, ఒత్తుగా, నిగనిగలాడుతూ జుట్టు వేలాడుతోంది. డిటెక్టివ్ దగ్గరగా వెళ్లి చూశాడు. రక్తం లేదు. చర్మం లేదు. లోపలివైపు సన్నని వల, వల అంచున జిగురు.

"విగ్గా?"

"మాకెవరికీ తెలీదు బాబూ, ఇన్నాళ్లూ సొంత జుట్టే అనుకున్నాం" అంది మేస్త్రమ్మ, తప్పు తనదే అన్నట్టు తల దించుకుని. "తెలిసిందని ఆయనకి తెలియనివ్వకండి."

డిటెక్టివ్ విగ్గుని వదిలి బల్ల దగ్గరికి వచ్చాడు. ఎదురు గోడ మీద మేస్త్రమ్మ పెద్ద అక్షరాలతో రాయించిన బోర్డు ఉంది. 'కుడి నుంచి ఎడమకు.'

"అదేమిటి?"

"ఇక్కడ నేర్పే మొదటి పాఠం. చెక్కని ఫెన్స్‌కి ఆనించి, బిట్ ముందు నుంచి, కుడి నుంచి ఎడమకి తోయాలి. అలా తోస్తే బిట్ తిరిగే దిక్కుకి ఎదురు పోతాం, చెక్క మన చేతిలో ఉంటుంది. ఎడమ నుంచి కుడికి తోస్తే మెషిన్ లాగేసుకుని విసిరేస్తుంది."

"ఎటు విసురుతుంది?"

"కుడికి." ఆవిడ కుడి గోడ చూపించింది. పెరట్లోకి పోయే తలుపు పక్కన, పై నుంచి కింద దాకా మందపాటి రబ్బరు పరుపు వేలాడుతోంది. "అందుకే అటు పరుపు కట్టాను. ఆ వైపు ఎవర్నీ నిలబడనివ్వను."

"కుడికి విసిరే మెషిన్, దీన్ని ఎడమకెలా విసిరింది?"

మేస్త్రమ్మ రబ్బరు పరుపు వంకా, ఎడమ గోడ వంకా మార్చి మార్చి చూసింది. ఇంత గొడవలో ఆ మాట ఆవిడకీ తట్టలేదు. డిటెక్టివ్ కిటికీలో ఉన్న జిగురు సీసా మూత తీసి బల్ల మీద పెట్టి, బిట్ తిరిగే వైపుకి మెల్లగా తిప్పాడు. మూత ఇవతలి అంచు కుడికి పోతుంటే అవతలి అంచు ఎడమకి పోతోంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే.

"బిట్ ముందు వైపు పళ్లు కుడికి కొడతాయి. వెనక వైపు పళ్లు ఎడమకి కొడతాయి. చెక్క ఎడమకి లేచిందంటే అది బిట్ ముందు నుంచి పోలేదు. వెనక నుంచి, బిట్‌కీ ఫెన్స్‌కీ మధ్య సందులోంచి పోయింది. అంతేనా?"

"అమ్మో!" మేస్త్రమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అలా తోస్తే ఇంకేమైనా ఉందా? అదీ కుడి నుంచి ఎడమకి తోస్తే పళ్లూ అటే, చెయ్యీ అటే. తుపాకీ గుండే ఇక. పనొచ్చిన వాళ్లెవరూ అలా చెయ్యరు బాబూ!"

"బోర్డు మీద ముక్క మాత్రమే వచ్చినవాళ్లు చేస్తారు."

అతను రెండు వేళ్లు సందులో పెట్టాడు. సరిగ్గా పట్టాయి. అవే వేళ్లు గోడలోని పట్టీ వెడల్పు మీద ఆనించాడు. అదీ సరిగ్గా రెండు వేళ్లే. ఫెన్స్ మరలు కదిపి చూశాడు. గట్టిగా బిగించి ఉన్నాయి. అంటే ఫెన్స్ వదులై జరగలేదు. మేస్త్రమ్మ పాడు చేయలేదు. ఎవరో కావాలని రెండు వేళ్ల సందు పెట్టి, ఆ సందులోంచి తోస్తే ప్రతి పట్టీ ఒకే వెడల్పుతో వస్తుందని ఆశపడ్డారు. బల్ల కుడి చివర ఇంకా ఏడు పట్టీలు వరుసగా పేర్చి ఉన్నాయి. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి.

"ఇక ప్లగ్గు చూద్దాం" అన్నాడు.

ప్లగ్గు కుడి గోడన ఉంది. దానికి చిన్న తాడుతో స్పానర్ కట్టి ఉంది. ఇదీ మేస్త్రమ్మ తెలివే. బిట్ మార్చాలంటే స్పానర్ కావాలి. ఆ తాడు బల్ల దాకా అందదు. కాబట్టి ప్లగ్గు పీకి, స్పానర్‌తో పాటు బల్ల దగ్గరికి తెచ్చుకోవాల్సిందే. కరెంటు ఉండగా బిట్ మీద చెయ్యి పడే అవకాశమే లేదు. అలా ఉండాలి. కానీ ఇప్పుడు ఆ తాడుకి ఇంకో మూరెడు పురికొస ముడివేసి ఉంది.

మేస్త్రమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "ఎవరు చేశారీ పని! సాకెట్‌లో ప్లగ్గు ఉండగానే బిట్ మార్చారా? స్విచ్చి మీద మోచెయ్యి తగిలితే ఏమయ్యేది! దొరికితే ఆ వేళ్లు నేనే విరిచేస్తాను!"

"మెల్లగా అనండి, మా తమ్ముడు వింటే అదీ కేసులో రాసుకుంటాడు."

డిటెక్టివ్ ముడిని దగ్గరగా చూశాడు. మూడు చెవుల ముడి. రెండు చెవులు వేసి, నమ్మకం చాలక మూడోది కూడా వేసినట్టుంది. దాన్ని ఎక్కడో చూశాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. ఎక్కడా అన్నది మాత్రం నాలిక చివర దాకా వచ్చి ఆగిపోయింది.

ప్రెసిడెంటు షాపు బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. తల మీద షాపువాళ్ల హెల్మెట్ చెవుల దాకా లాక్కుని ఉంది. డిటెక్టివ్, ఇన్‌స్పెక్టర్, మేస్త్రమ్మ ముగ్గురూ వెళ్లి ఎదురుగా నిలబడ్డారు. ముగ్గురూ హెల్మెట్ వైపు చూడకుండా ఉండటానికి నానా అవస్థా పడ్డారు.

"జరిగింది మళ్లీ ఒక్కసారి చెప్పండి" అన్నాడు డిటెక్టివ్.

"చెప్పడానికేముంది. నా మానాన నేను నడుచుకుంటూ వెళ్తున్నాను..."

"నిటారుగానే నడుస్తున్నారా?"

"నా వయసుకి చాలా నిటారుగా నడుస్తానండీ నేను."

"మరి మీ..." డిటెక్టివ్ దగ్గాడు. "మీకు సంబంధించిన వస్తువు ఒకటి గోడ మీద నడుమెత్తున ఉంది. పట్టీ బల్ల ఎత్తున లేచింది, బల్ల ఎత్తునే గోడలో దిగింది. నిటారుగా నడిచే మనిషికి అది తగిలితే పొట్టలో తగలాలి. తలకి తగిలిందంటే మీ తల అప్పుడు బల్ల ఎత్తున ఉంది. అంటే మీరు బల్ల ఎడమ చివర మోకాళ్ల మీద వంగి, ఒక కన్ను మూసుకుని, పట్టీ సూటిగా వస్తోందా లేదా అని చూస్తున్నారు. అవునా? 'ఆఁ, తోయండి, తోయండి' అని కూడా అని ఉంటారు."

ప్రెసిడెంటు హెల్మెట్ లోపలికి ఇంకాస్త ముడుచుకుపోయాడు.

"తోసిందెవరు?"

"నేను... ఎవరూ లేరు."

"ప్రెసిడెంటు గారూ" అంది మేస్త్రమ్మ. ఆవిడ అరవలేదు. అందుకే ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది. "సాయంత్రం నన్ను తీసుకుపోతారు. షాపు మూసేస్తారు. నేనంటే మీకు పడదు, సరే. మీరు తొడుగులు వేసుకుంటే తిట్టాను, నిజమే. దానికి జైలా?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒకావిడ బతిమాలితే తాళం తీశానమ్మా. సంఘంలో లేని మనిషి. నేర్చుకోని మనిషి. పది నిమిషాల పనే అంది. రూటర్ పని నేను తప్ప ఎవరూ అంత బాగా నేర్పలేరని పొగిడింది. ఎవరు పొగిడారు నన్ను ఇన్నేళ్లలో? పొంగిపోయాను. జరిగింది చెబితే ప్రెసిడెంటు పదవి పోతుంది. అందుకే మెషినే చెడిందన్నాను."

"ఎవరావిడ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, బేడీలు బయటికి తీస్తూ. తన కేసు కూలిపోతోందని అతనికి అర్థమైంది, కానీ ఇంకో కేసు నిలబడబోతోందని ప్రాణం లేచొచ్చింది. "ఎవరైనా సరే, చేతులకి ఇవి వేసి నడిపించుకుపోతాను. నాకు మొహమాటాల్లేవు."

ప్రెసిడెంటు అతని వంకా, డిటెక్టివ్ వంకా మార్చి మార్చి చూశాడు. "మీ ఇద్దరి ముందు మాత్రం చెప్పలేనండీ."

"ఎందుకు చెప్పలేరు?"

"చెప్పలేనంతే. కావాలంటే నన్నే తీసుకుపోండి."

అప్పుడే కానిస్టేబుల్ రెండు క్యారేజీలూ తెచ్చి బెంచీ మీద పెట్టాడు. "భోజనం వేళ దాటిపోతోంది, ఆకలికి ఉండలేరు, వాళ్లకి పెట్టు అన్నారు సార్ అమ్మగారు."

డిటెక్టివ్ తన క్యారేజీ దగ్గరికి లాక్కుని, మూత మీది పురికొస విప్పబోయాడు. విప్పబోయి ఆగిపోయాడు. రెండు చెవులు. నమ్మకం చాలక మూడోది.

పెళ్లయిన నాటి నుంచీ ఆ ఇంటి నుంచి వచ్చే ప్రతి సంచీకి, ప్రతి పెట్టెకి ఉండే ముడి అది. ఆ ముడి విప్పలేక రైల్లో ఆకలితో కూర్చున్న రోజులున్నాయి. ఒకే వెడల్పున్న ఎనిమిది పట్టీలు దేనికో కూడా ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఒక ఫ్రేముకి నాలుగు, ఇంకో ఫ్రేముకి నాలుగు. వేలెడు కాదు కదా, వెంట్రుకవాసి తేడా కూడా రాకూడదని, బజారు మనిషిని నమ్మకుండా, ఆవిడ స్వయంగా...

డిటెక్టివ్ పురికొస గబుక్కున తెంపి జేబులో కుక్కేశాడు. ఎవరూ చూడలేదు. ఎదురుగా మేస్త్రమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. జేబులో ఉన్నది మూరెడు పురికొస, కానీ అతనికి ఇనప గొలుసంత బరువనిపించింది. ఇన్నేళ్ల వృత్తిలో సాక్ష్యం దాచడం ఇదే మొదలు. అతనికి సిగ్గేసింది. సిగ్గుపడుతూనే చెయ్యి జేబులోంచి తీయలేకపోయాడు. ఒక పక్క నిర్దోషి, ఇంకో పక్క అత్తగారు. మధ్యలో ఈ తమ్ముడు, చేతిలో బేడీలు.

చివరికి తీశాడు. పురికొస బెంచీ మీద పెట్టాడు.

"తమ్ముడూ, ముందు కూర్చో. ఈ ముడి..."

లోపల్నుంచి మోత వినిపించింది. మొదట గుర్రుమని, తర్వాత పెద్ద ఈగలా, తర్వాత చెవులు చిల్లులు పడేలా.

"రూటర్!" అని కేక పెట్టింది మేస్త్రమ్మ.

"తలుపు దగ్గరెవరున్నారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అమ్మగారున్నారు సార్" అన్నాడు కానిస్టేబుల్. "నేను చూసుకుంటాలే, నువ్వెళ్లి వాళ్లకి వడ్డించు అన్నారు. మీ అత్తగారు కదా అని..."

ఇద్దరల్లుళ్లూ ఒకేసారి పరిగెత్తారు. మేస్త్రమ్మ మాత్రం వాళ్ల వెంట పోలేదు, పెరటి వైపు నుంచి కుడి గోడ తలుపుకి పరుగుతీసింది. ఇన్‌స్పెక్టర్ ముందుగది దాటి మెషిన్ గది తలుపు ధడాలున తోశాడు. బల్ల ముందు, మోచేతుల దాకా పొట్టుతో, నిమ్మకు నీరెత్తినట్టు అత్తగారు నిలబడి ఉంది. చేతుల్లో రెండో పట్టీ. దాని కొస బిట్‌కీ ఫెన్స్‌కీ మధ్య సందులోకి వెళ్తోంది. బోర్డు మీద ఉన్నట్టే, బుద్ధిగా, కుడి నుంచి ఎడమకి.

తాము నిలబడ్డ తలుపు ఎడమ వైపున ఉందన్న సంగతి డిటెక్టివ్‌కి అప్పుడు గుర్తొచ్చింది.

"పడుకో!" అని ఇన్‌స్పెక్టర్ బెల్టు పట్టుకుని కిందికి లాగాడు. ఇన్‌స్పెక్టర్ వంగాడు. టోపీ వంగడం కాస్త ఆలస్యమైంది. సర్రున ఏదో నెత్తి మీదుగా పోయింది, వెనక ముందుగది గోడలో ఠప్పుమని దిగింది. మరుక్షణం మోత ఆగిపోయింది. కుడి గోడ దగ్గర మేస్త్రమ్మ, ప్లగ్గు చేత్తో పట్టుకుని, ఎగశ్వాస దిగశ్వాసగా నిలబడి ఉంది.

నేల మీద బోర్లా పడి ఉన్న ఇన్‌స్పెక్టర్ మెల్లగా తల తిప్పి చూశాడు. అతని టోపీ, ప్రెసిడెంటు విగ్గు వేలాడినంత అందంగానే, గోడకి వేలాడుతోంది.

"కరెంటు ఎవరు తీశారు?" అంది అత్తగారు. కింద పడున్న అల్లుళ్లని చూసి ఆశ్చర్యపోయింది. "అదేమిటి నాయనా, నేల మీద? భోంచేశారా?"

"అత్తయ్యగారూ" అన్నాడు డిటెక్టివ్, లేవకుండానే. "పొద్దున ఇక్కడికి వచ్చింది మీరేనా?"

"నేనే."

"మరి చెప్పలేదేం?"

"మీరడిగారా? ఇద్దరూ అందర్నీ అడిగారు. నేను అక్కడే కుర్చీలో కూర్చున్నాను, నన్నొక్క ముక్క అడిగారా? పొద్దున ఆయన పడిపోయేసరికి కంగారుపడి, మనిషి సాయానికి ఇంటికెళ్లాను. వచ్చేసరికి ఇక్కడంతా పోలీసులు, లోపలికి పోనివ్వలేదు. అందుకే క్యారేజీల వంకతో మళ్లీ వచ్చాను. ఈ పట్టీలు కోర్టుకి పోతే నా ఫ్రేములెలా? చిన్నల్లుడు భోజనం మానేసి వెళ్లిన రోజు నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు." ఆవిడ మేస్త్రమ్మ వైపు తిరిగింది. "ఈవిడని తీసుకెళ్తారా? ఈవిడేం చేసింది? చేసింది నేనైతే!"

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. బేడీలు ఇంకా అతని చేతిలోనే ఉన్నాయి. వాటిని ఒకసారి, అత్తగారిని ఒకసారి చూశాడు. ఆవిడ వెంటనే రెండు చేతులూ ముందుకి చాచింది. అతను రెండడుగులు వెనక్కి వేసి, బేడీలు కానిస్టేబుల్ జేబులో పడేశాడు.

"ప్రమాదం" అన్నాడు గొంతు సవరించుకుని. "మేస్త్రమ్మా, నీ మీద కేసు లేదు. లక్క పారేయమని చెబుతాను. నేను... పొరపాటు నాదే."

మేస్త్రమ్మ ప్లగ్గు కింద పెట్టి, నేరుగా అత్తగారి దగ్గరికి వెళ్లింది.

"ఆ చేతులు అలాగే ఉంచి వేళ్లు విప్పండమ్మా."

విప్పింది. మేస్త్రమ్మ ఒక్కో వేలూ ముట్టుకుని మరీ లెక్కపెట్టింది. పది. అప్పుడు ఆవిడకి పొద్దుటి నుంచీ ఆగిన ఏడుపంతా ఒక్కసారి వచ్చింది. అల్లుళ్లిద్దరూ కూడా, అడక్కుండానే, తమ పది వేళ్లూ ఎత్తారు. ఎవరు ముందెత్తారా అని ఈసారి మాత్రం ఒకరినొకరు చూసుకోలేదు.

"ఇంకెప్పుడూ ఆ సందులోంచి తోయనని మాటివ్వండి" అంది మేస్త్రమ్మ ముక్కు తుడుచుకుంటూ.

"ఇస్తాను. నువ్వు దగ్గరుండి సరిగ్గా నేర్పు" అంది అత్తగారు. "రెండయ్యాయి. ఇంకా ఆరున్నాయి. పొడుగువి కదా, ఎడమ చివర ఒకళ్లు నిలబడి అందుకోవాలట, పొద్దున ఆయన నిలబడ్డట్టు. అల్లుళ్లూ, ఎవరు నిలబడతారు?"

ఆ ఇంట్లో దేనికైనా ముందు నేనంటే నేనని ఎగబడే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అన్నగారు పెద్దవారు" అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఎంతో వినయంగా. "వారుండగా నేను ముందు నిలబడటం మర్యాద కాదు."

"అదేం మాట తమ్ముడూ" అన్నాడు డిటెక్టివ్, అతన్ని బల్ల వైపు మెల్లగా తోస్తూ. "వేలెడు తక్కువ వచ్చింది నీ ఫ్రేమే కదా. ముందు నువ్వే."